మగ్గం గుంతలో చలువ

ఎమ్మిగనూరులో మా అల్లుడి ఇంటి ముందు గదిలో సగం మగ్గానిదే. నేసేవాళ్ళు గుంత అంచున చెక్క మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలను తొక్కుతారు. ఆ గుంత మూరన్నర లోతు, నేను కొలిచాను. వానలు పడితే దాని అడుగు మట్టి చెమ్మెక్కుతుంది. వీధి కాలువ పొంగిన రోజున నీళ్ళు కూడా ఊరతాయి. అందుకని ఆ వీధిలో ఆడవాళ్ళకు పొత్తికడుపు నొప్పి వచ్చినా, నడుము పట్టినా, మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వచ్చినా, ఒళ్ళు వణికినా చెప్పే కారణం ఒకటే: గుంత చలువ చేసింది.

ఈ మాటను నేను వెక్కిరించను. చాలాసార్లు అది నిజమే. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టి, ఒకటి రెండు రోజులు మగ్గం వదిలి పడుకుంటే తగ్గిపోవడం నా కళ్ళతో చూశాను. అన్నిసార్లు నిజమైన మాట కాబట్టే, నిజం కాని రోజున ఎవరికీ అనుమానం రాలేదు.

అల్లుడు అన్నాను కానీ నాకు పిల్లలు లేరు. అతను మా చెల్లెలి కూతురి భర్త. చెల్లెలు పోయేనాటికి ఆ పిల్ల రెండో తరగతి. తండ్రి వేరే పెళ్ళి చేసుకుని తుగ్గలి వైపు వెళ్ళిపోయాడు. పిల్ల ఆదోనిలో నా దగ్గర పెరిగింది. నేను అక్కడే బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. పాలవాడి లెక్క నుంచి కరెంటు మీటరు దాకా నాకు అన్నీ రాసుకునే అలవాటు ఉంది. ఆ అలవాటు చూస్తే దానికి నవ్వు. "నువ్వు తుమ్మినా తారీఖు ఏస్తావు పెద్దమ్మా" అనేది. నన్ను అమ్మా అని ఎప్పుడూ పిలవలేదు, పిలవమని నేనూ అనలేదు. అమ్మ దానికి ఒకతే, ఆమె పోయింది. నేను పెద్దమ్మను. ఆ తేడా మా ఇద్దరికీ తెలుసు. దానివల్ల మాకు ఏ లోటూ రాలేదు.

పెళ్ళి నాటికి దానికి ఇరవై ఒకటి. మగ్గం అంటే ఏమిటో తెలియకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టి, రెండేళ్ళలో అత్తగారికన్నా సన్నంగా నేయడం నేర్చుకుంది. అత్తగారు మంచి మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా చీర అంచు నా కళ్ళ దగ్గరికి తెచ్చి, "సూడు వదినా, నా కోడలు నేసింది. నీ లెక్కల్లో మార్కులు రాలేదంటివే, ఈడ నూటికి నూరు" అని మురిసేది.

పిల్లల విషయం ఒక్కటే కలిసిరాలేదు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి నిలిచినప్పుడు దానికి ముప్పై. నెల తప్పిందని తెలిసిన రోజునుంచి మగ్గంలో కూర్చోలేదు. కర్రలు తొక్కితే కడుపు కదులుతుందని ఎవరూ చెప్పకముందే తనే లేచి వచ్చింది. ఫోనులో నాతో మాట్లాడేటప్పుడు కూడా మెల్లగా మాట్లాడేది, గట్టిగా మాట్లాడితే లోపల ఏదో అదిరిపోతుందన్నట్టు.

ఆషాఢం చివర్లో, మూడో నెల నిండకముందే, అదీ పోయింది. ఇంట్లోనే పోయింది. రెండు రోజులు రక్తం పోయి ఆగింది. ఆసుపత్రికి పోదామని భర్త అన్నాడు. అది రానంది. అంతకు ముందు రెండుసార్లూ దాన్ని పడుకోబెట్టిన గదిలో పక్క మంచాల మీద పిల్లల్ని కన్నవాళ్ళు ఉన్నారు. ఆ మెట్లు మళ్ళీ ఎక్కనంది. రక్తం ఆగింది కదా, అంతా పోయి కడుపు శుభ్రమైందని అత్తగారు కూడా అనుకుంది. నాలుగో రోజు అది మళ్ళీ మగ్గంలో కూర్చుంది. అప్పుడే ఏమిటే అని నేను ఫోనులో కసిరితే, "ఇంక ఎవురికోసం లేచి కూసోవల్ల పెద్దమ్మా" అంది.

రెండో వారంలో చలి మొదలైంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒళ్ళు వణికి జ్వరం వచ్చేది. వీధిలో సూది వేసే అతను ఒకాయన ఉన్నాడు. వచ్చి సూది వేసేవాడు. రాత్రికి చెమటలు పట్టి జ్వరం దిగేది. తెల్లవారితే ఒళ్ళు చల్లగా, మొహం తేటగా ఉండేది. మగ్గంలో కూర్చునేది. నేను రోజూ పొద్దున ఎనిమిదికి ఫోన్ చేస్తాను. "బాగుండా పెద్దమ్మా" అనేది. అది అబద్ధం కాదు. ఆ వేళకు అది బాగానే ఉండేది.

ఆ శ్రావణం వానలు గట్టిగా పడ్డాయి. గుంత చెమ్మెక్కింది. పొత్తికడుపు నొప్పి, మూత్రానికి పదేపదే లేవడం, సాయంత్రం వణుకు. ఇంకేం కావాలి? భార్యకు గుంత చలువ చేసిందని అల్లుడు తీర్మానించుకున్నాడు. అతను ప్రేమను మాటల్లో చెప్పే మనిషి కాదు. మగ్గం ఆపి, గుంతలోని మట్టి జానెడు లోతు తవ్వి బయట పోశాడు. ఇసుక తెచ్చి పెనం మీద కొంచెం కొంచెంగా వేయించి గుంతలో పరిచాడు. దాని మీద చెక్కలు వేశాడు. గుంత గోడలకు సిమెంటు పూశాడు. మూడు రోజులు పట్టింది. వీధిలో తోటి నేతగాళ్ళు గడప దగ్గర నిలబడి ఆటపట్టించారు.

"ఏమప్పా, ఇసుక ఏయిస్తాండావు? బొరుగులనుకుంటివా?"

"పెండ్లానికి గుంతలో మిద్దె కడతాండాడు లేప్పా. ఈసారి ఫ్యాను కూడా పెడతాడు."

"పెడతాను. నీ పెండ్లాన్ని కూడా పంపు, కూసోని పోతాది" అని అతను తల ఎత్తకుండానే అన్నాడట. ఇవన్నీ తర్వాత నాకు అత్తగారు చెప్పింది. చెబుతూ నవ్వింది, నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుంత ఆరింది. జ్వరం పోలేదు. పైగా విరేచనాలు పట్టుకున్నాయి. మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళితే జిగట తప్ప ఏమీ రాకపోవడం. అత్తగారు వాటిని బంక విరేచనాలనుకుని సగ్గుబియ్యం జావ కాచి పోసింది. దానిమ్మ తొక్క అరగదీసి మజ్జిగలో ఇచ్చింది. నొప్పికి పొత్తికడుపు చుట్టూ పాత చీర గట్టిగా బిగించి కట్టింది. కడితే హాయిగా ఉందని పిల్ల కూడా అంది.

నేను వెళ్ళింది ఒక బుధవారం మధ్యాహ్నం. అది మగ్గంలో ఉంది. నన్ను చూసి నవ్వింది. దాని మొహం కన్నా ముందు నేను చూసింది అది కూర్చున్న తీరు. కింద బొంత నాలుగు మడతలు వేసుకుని, ఎడమ పిర్ర మీద మాత్రమే బరువు వేసి, ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. కుడి కాలు చాచి కర్ర తొక్కలేకపోతోంది. రెండు కర్రలూ ఎడమ కాలితోనే తొక్కుతోంది.

"ఏమే, ఆ కూర్చోవడం ఏమి?"

"కూసుంటే లోపల పొడుస్తాది పెద్దమ్మా. గుంత చలువలే. తగ్గుతాది."

సాయంత్రం దాకా ఉన్నాను. ఆరున్నరకు వణుకు వచ్చింది. మంచం కోడు నేలకు టకటక కొట్టుకుంది. నా సంచిలో థర్మామీటరు ఎప్పుడూ ఉంటుంది. నూట మూడు. మధ్యాహ్నం నేను రాగానే చూసినప్పుడు తొంభై ఎనిమిదే. టైఫాయిడ్ అనుకున్నాను నేను. నాకు తోచింది అంతే. ఆదోనికి తీసుకుపోతానన్నాను.

"రేపు బేస్తవారం వదినా" అంది అత్తగారు. "ఉరుకుందకు మొక్కుకున్నాను. దాన్ని తీసుకోని పోయి టెంకాయ కొట్టి వస్తే ఈరన్న సామే సూసుకుంటాడు. ఎల్లుండి తీసుకోని పో."

"సామి ఎల్లుండి కూడా ఆడనే ఉంటాడు" అన్నాను.

"నీకు దేవుడన్నా లెక్కే, గుడన్నా లెక్కే."

"లెక్కే వదినా. నూట మూడు."

ఆమె మొక్కు టెంకాయను దేవుడి గూట్లో పెట్టేసి, పిల్ల బట్టలు తనే సర్దింది.

మర్నాడు బస్సు నిండా ఉరుకుంద పోయేవాళ్ళే. శ్రావణమాసం తిరునాళ్ళ జనం. గుండ్లు చేయించుకోబోయే పిల్లలు, గంపల్లో కోళ్ళు. ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడంతో ఇంకా తొక్కిడి. అయినా ఎవరో దాని మొహం చూసి లేచి సీటు ఇచ్చారు. అది కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది.

"కూసోమ్మా, సీటుండాది కదా" అన్నాడు కండక్టరు.

"ఉండనీలేన్నా. నిలబడతా."

"నిలబడితే నీకేమన్నా డబ్బులు వాపసిస్తారా? ఊరికే పోయేది కూసోనే పో."

చుట్టూ నవ్వారు. అదీ నవ్వింది. ఆ సీట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా దాని చేతి కణుపులు తెల్లబడేవి. ఆదోని దాకా అట్లాగే నిలబడి వచ్చింది.

ఆదోనిలో మా వీధికి దగ్గర్లో ఒక లేడీ డాక్టరు ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. తక్కువ మాట్లాడుతుంది. నేను జ్వరం సంగతి చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, పిల్లనే అడిగింది. జ్వరం సాయంత్రమే వస్తుందా, వణుకుతోనా? విరేచనానికి ఎన్నిసార్లు? మలం వస్తుందా, ఉత్త జిగటేనా? మూత్రం పోసేటప్పుడు, కూర్చునేటప్పుడు ఎక్కడ నొప్పి? అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి, "ఈ మధ్య కాన్పు గానీ, ఆపరేషన్ గానీ, కడుపు పోవడం గానీ జరిగిందా?" అని అడిగితే నోరు మూసుకుంది.

నేను చెప్పాను. డాక్టరు కలం కింద పెట్టింది.

లోపల పరీక్ష చేయాలంటే అది మంచం అంచు పట్టుకుని ముడుచుకుపోయింది. డాక్టరు కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"పైనుంచి పొట్ట నొక్కితే ఇది తెలియదమ్మా. పొత్తికడుపు అడుగున ముందు మూత్రసంచి, వెనక పెద్దపేగు, మధ్యలో గర్భసంచి ఉంటాయి. గర్భసంచికి వెనక అన్నిటికన్నా పల్లపు చోటు ఒకటి ఉంది. లోపల చీము పడితే జారిజారి అక్కడికి చేరుతుంది. అది ముందుకు ఒత్తితే మూత్రానికి పరిగెత్తిస్తుంది, వెనక్కి ఒత్తితే విరేచనాలనిపిస్తుంది. నీకు విరేచనాల జబ్బు లేదు. వేలికి తగిలితే నాకు తెలిసిపోతుంది. ఒక్క నిమిషం."

నేను దాని తల దగ్గర నిలబడ్డాను. అది నా చేతిని కొరికింది. డాక్టరు చేయి బయటికి తీసి, గ్లవ్ విప్పుతూ, "ఉంది. మెత్తగా ఉబ్బి ఉంది" అంది. స్కానింగులో కూడా కనిపించింది. గర్భసంచి వెనక నిమ్మకాయను మించిన చీముగడ్డ. గర్భసంచిలో పోయిన పిండం తాలూకు ముక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి కుళ్ళి చీము పట్టింది. రోజూ సాయంత్రం వేసిన సూది జ్వరాన్ని దించింది కానీ చీమును ఏమీ చేయలేదు. పొట్ట బిగించి కట్టిన గుడ్డ, కాపడాలు, వేయించిన ఇసుక ఏవీ దాని దగ్గరికి చేరలేదు.

ఆ మధ్యాహ్నమే చేర్చుకుని, రెండు మూడు రకాల మందులు నరానికి ఎక్కించడం మొదలుపెట్టారు. "మందు రక్తంలో తిరుగుతుంది, చీము మధ్యలోకి పోలేదు. దాన్ని బయటికి తీస్తేనే మందు పనిచేస్తుంది" అంది డాక్టరు. మర్నాడు మత్తు ఇచ్చి, కింది దారినే లోపలి వెనక గోడకు చిన్న కోత పెట్టి చీము తీశారు. గర్భసంచిలో మిగిలినదీ శుభ్రం చేశారు. కోతలో ఒక రబ్బరు గొట్టం వదిలి, ఇంకా ఊరేది దాని గుండా పోయేట్టు చేశారు. చీము కొంచెం సీసాలో పట్టి, ఏ మందుకు లొంగుతుందో చూడమని పరీక్షకు పంపారు. నర్సు తలుపు తీసినప్పుడు వచ్చిన వాసన నాకు ఇప్పటికీ కొన్ని మురుగు కాలువల దగ్గర గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం జ్వరం రాలేదు. మరుసటి సాయంత్రమూ రాలేదు. అది చాలా రోజుల తర్వాత వెల్లకిలా, రెండు కాళ్ళూ చాచుకుని పడుకుంది. జొన్నరొట్టె అడిగింది. డాక్టరమ్మ ఇడ్లీ పెట్టమంది. "ఇడ్లీ పెట్టి సంపుతాండారు" అని గొణుక్కుంటూ తినింది. ఫోన్ చేయగానే వచ్చిన భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని నా వైపు చూసి నవ్వాడు. అతని గోళ్ళలో ఇంకా సిమెంటు ఉంది.

డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు అది అడిగింది, "నాకు మళ్ళీ కడుపు నిలుస్తాదా మేడమ్?"

"ముందు ఈ జ్వరం పూర్తిగా పోనీ" అంది డాక్టరు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. పిల్ల అవును అన్నట్టే విన్నది.

ఇది రాస్తున్నది కొంత నా బరువు దించుకోవడానికి, కొంత వేరేవాళ్ళకు చెప్పడానికి. కాన్పు తర్వాతో, కడుపు పోయిన తర్వాతో, పొట్ట ఆపరేషన్ తర్వాతో సాయంత్రం పూట వణుకు జ్వరం వస్తుంటే, కూర్చుంటే లోపల పొడుస్తుంటే, మాటిమాటికీ వెళ్ళాలనిపించి జిగట మాత్రమే పడుతుంటే, కింద వాసన వేసే చీము కనబడుతుంటే ఇంట్లో ఉండకండి. పొద్దున తగ్గిందని ఆగకండి. డాక్టరు దగ్గర కడుపు పోయిన సంగతి దాచకండి. లోపల పరీక్ష చేస్తామంటే సిగ్గుపడకండి. తొలి వారంలో వెళ్ళిన వాళ్ళకు తరచుగా మందుతో, ఒక చిన్న కోతతో అయిపోతుందట. మా పిల్ల చేరింది తొలి వారంలో కాదు.

నాలుగో సాయంత్రం జ్వరం తిరిగి వచ్చింది. ఈసారి వణుకు లేదు. నాడి మాత్రం నా వేళ్ళ కింద దారం తెగినట్టు పరిగెత్తింది. పొట్ట ఉబ్బింది. గొట్టంలోంచి ఏమీ రావడం లేదు. మళ్ళీ స్కానింగు చేశారు. చీము ఇంకో చోట, పైన పేగుల మధ్య చేరింది. పరీక్షకు పంపిన చీము జవాబు కూడా వచ్చింది. వాడుతున్న మందుల్లో ఒకటి దానికి పనిచేయడం లేదట. దాన్ని మార్చారు. కానీ ఇక పొట్ట తెరిచి కడగాల్సిందే అన్నారు. కర్నూలు తీసుకుపోదామా అని అల్లుడు అడిగితే, అంత దారి అది తట్టుకోలేదని డాక్టరు చెప్పింది. ఇంకో సర్జన్ని పిలిపించింది.

థియేటరుకు తోసుకుపోతుండగా అది నా కొంగు పట్టుకుంది.

"పెద్దమ్మా, గర్భసంచి తియ్యద్దని సెప్పు."

"చెబుతాను."

"ఊరికే అనేది కాదు. నువ్వు సెప్తే ఇంటారు. నా మొగుడు సెప్పలేడు, ఏడుస్తాడు. నువ్వే సెప్పల్ల."

"చెబుతానే."

చెప్పాను. దాని ఎదురుగానే డాక్టరుకు చెప్పాను. "నా చేతిలో ఉన్నంతవరకు" అంది డాక్టరు. అది కొంగు వదిలింది.

బయట బల్ల మీద నేను, అల్లుడు కూర్చున్నాం. గంట దాటాక తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగి, అతనితో మాట్లాడింది. గర్భసంచి అంతా చీము పట్టి మెత్తబడిపోయింది, పట్టుకుంటే చిరుగుతోంది, కుట్టు నిలవదు. ఒక పక్క ట్యూబూ అండాశయమూ కూడా పాడయ్యాయి. రక్తపోటు పడిపోతోంది. గర్భసంచి ఉంచితే చీము ఊరుతూనే ఉంటుంది, మనిషి దక్కకపోవచ్చు. తీసేస్తే దక్కే వీలుంది. కాగితం మీద ముందే సంతకం ఉంది, అయినా ఆ అమ్మాయి అంతగా అడిగింది కాబట్టి మీతో ఒక మాట చెప్పి చేస్తాను అంది.

అతను గోడకు వీపు ఆనించి అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

"అత్తా, నువ్వే సెప్పు. నా వల్ల కాదు."

నేను ఆలోచించానని చెప్పుకోను. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు.

"తీసెయ్యండి" అన్నాను.

తలుపు మూసుకుంది. ఆ తలుపుకు పచ్చ రంగు వేసి ఉంది, కింద అంచున రంగు పెచ్చులూడింది. నేను చాలాసేపు దాన్నే చూశాను.

అది బతికింది. ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. పొట్టకు రెండు పక్కలా గొట్టాలు, నరానికి మందు, ముక్కుకు గాలి. జ్వరం మెల్లగా దిగింది. రోజూ ఆరున్నరకు ఐసీయూ తలుపు దగ్గర నిలబడి, జ్వరం ఎంత అని నర్సును అడిగేదాన్ని. ఒక సాయంత్రం తొంభై తొమ్మిది. తర్వాత ఎప్పుడూ ఆ పైకి పోలేదు. అత్తగారు ఎమ్మిగనూరు నుంచి వచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని, అడక్కుండానే అంది, "నేనైనా అదే మాట అంటుంటి వదినా. కోడలు లేకుంటే నాకు మనవడు యాడ నుంచి వస్తాడు?" అని. తర్వాత ఆమె తలమీద కొంగు లాక్కుని గోడ వైపు తిరిగింది. ఈ ఇంట్లో మనవడు ఇక ఎక్కడి నుంచీ రాడని అప్పుడే తెలిసినట్టు.

వార్డుకు మార్చిన రోజు అది స్పష్టంగా మాట్లాడగలిగింది. భర్త కొబ్బరినీళ్ళకు వెళ్ళాడు. అది చేయి దుప్పటి కింద పొట్ట మీద పెట్టుకుని అడిగింది.

"ఉండాదా?"

"లేదే."

"ఎవురు సెప్పినారు తియ్యమని?"

డాక్టరు చెప్పిందని అనొచ్చు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. కానీ అది అడిగింది ఎవరు చెప్పారని.

"నేను చెప్పినాను."

అది నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన తొలి రోజున, పెట్టె పక్కన నిలబడి, ఈమె ఎవరు అన్నట్టు చూసిన చూపు అది. తర్వాత పక్కకు తిరిగి పడుకుంది. కుట్లు లాగుతాయి, అట్లా తిరగకూడదని నర్సు చెప్పింది. వినలేదు.

డిశ్చార్జి చేసినప్పుడు నా ఇంటికి రమ్మన్నాను. ఆసుపత్రికి రెండు వీధులే, చూపించుకోవడం సులువు. అది భర్తతో, "మనింటికి పోదాం" అంది. నాతో ఏమీ అనలేదు. ఆటో కదిలేటప్పుడు కూర్చోవడానికి నొప్పి లేదేమో అని చూశాను. లేదు. నిటారుగా, రెండు వైపులా సమంగా కూర్చుంది.

తర్వాత నాలుగు నెలలకు నేను ఎమ్మిగనూరు వెళ్ళాను. బరువు పని చేయవద్దని చెప్పిన గడువు దాటింది. అది మగ్గంలో ఉంది. గుంత పొడిగా, సిమెంటు గోడలతో చక్కగా ఉంది. ఆకుపచ్చ నూలు చీరకు ఎర్రంచు నేస్తోంది. అత్తగారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"ఒళ్ళు ఎట్లుండాదే?"

"బాగుండా."

"జ్వరం ఏమైనా?"

"లేదు."

పోగు మోసే నాడె అటు ఇటు రెండుసార్లు పోయింది.

"నా మీద కోపమా?"

అది చేయి ఆపలేదు. "కోపం ఎందుకు పెద్దమ్మా. నువ్వు లెక్కల టీచరువి. రెండు ఉంటే ఒకటి పోయినా ఒకటి మిగుల్తాది కదా అనుకుంటివి. లెక్క కరెక్టే."

"నువ్వు బతకల్ల అనుకున్నా. అంతే."

"నేను అడిగింది అది కాదే."

"తెలుసు."

"తెలిసీ సెప్తివి."

"తెలిసే చెప్పినాను. మళ్ళీ ఆ తలుపు దగ్గర నిలబెట్టి అడిగినా అదే చెప్తాను."

అప్పుడు అది నేయడం ఆపింది. అంచు మీద వేలు పెట్టి, ఏదో పోగు తప్పిందేమో చూసింది. తప్పలేదు. అది పోగులు తప్పదు.

"నీకు పిల్లలు లేరు కదా పెద్దమ్మా" అంది మెల్లగా, నొప్పించాలని కాదు, లెక్క తేల్చుకోవడానికి అడిగినట్టు. "అందుకే సులువుగా సెప్తివి."

అత్తగారు కాఫీ తెచ్చింది. తాగాను. పిల్లలు లేకపోతే చిన్నప్పుడు నీకు జడలు వేసింది ఎవరే అని అడగొచ్చు. అడగలేదు. జడలు వేయడం వేరు, అది అడిగింది వేరు. నాకూ ఆ తేడా తెలుసు.

ఇప్పుడు నేను పొద్దున ఫోన్ చేయడం మానేశాను. సాయంత్రం ఆరున్నరకు చేస్తాను, దానికి కాదు, అల్లుడికి. ఎట్లుండాది నాయనా అంటాను. బాగుండాది అత్తా, అంటాడు. జ్వరం లేదు కదా, అంటాను. లేదు, అంటాడు. అతను ఫోను స్పీకరులో పెట్టే మాట్లాడతాడు, వెనక మగ్గం చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఆ చప్పుడు ఆగుతుంది. మేము మాట్లాడినంతసేపూ ఆగే ఉంటుంది. అది నా గొంతు వినడానికి ఆపుతుందో, నా గొంతు వినబడినంతసేపు దాని చేతులు ఆడవో నాకు తెలియదు. అల్లుణ్ణి అడిగితే చెబుతాడు. ఆ ఒక్కటి మాత్రం నేను ఇంతవరకు అడగలేదు. ఇంకేమీ అడగడానికి లేనప్పుడు కూడా, వానలు పడుతున్నాయా అనో, నూలు వచ్చిందా అనో ఇంకాసేపు మాట్లాడి, అప్పుడు ఫోన్ పెట్టేస్తాను.